రోడ్డు మీద మందుబాబులు, మన భద్రత: జపాన్, కొరియా, చైనాలలో ఉన్నవారి అనుభవాలు

కాకినాడ_కాజా (టోక్యో) · 2024 నవంబరు 16

అందరికీ నమస్కారం. నేను టోక్యో వచ్చి ఏడు నెలలైంది. ఇన్నాళ్ళూ మీరందరూ రాసేవి చదువుకుంటూ ఊరుకున్నాను కానీ, నిన్న శుక్రవారం రాత్రి చూసిన దృశ్యం గురించి అడగకుండా ఉండలేకపోతున్నాను.

ఆఫీసులో ఆలస్యమై, పన్నెండు కావస్తుండగా షింజుకు స్టేషన్ పడమటి ద్వారం దగ్గరికి వచ్చాను. అక్కడ ఒక స్తంభం పక్కన యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన నేల మీద నిద్రపోతున్నాడు. సూటు, టై, చేతికి ఖరీదైన గడియారం ఉన్నాయి. ల్యాప్‌టాప్ సంచి తలకింద పెట్టుకున్నాడు, ఫోను ఛాతీ మీద ఉంది. బూట్లు మాత్రం విప్పి, ఇంటి గుమ్మం దగ్గర విడిచినట్టు మడమలు కలిపి, కొనలు బయటికి తిప్పి, పక్కనే జతగా పెట్టుకున్నాడు. ఒళ్ళు తెలియని మత్తులోనూ ఆ ఒక్క పని మరిచిపోలేదు. నా రైలుకు ఇంకా పావుగంట ఉండటంతో అక్కడే నిలబడి చూశాను. వందలమంది ఆ దారిన వెళ్ళారు. ఒక్కరూ ఆ సంచి వైపు చూడలేదు, ఒక్కరూ ఆయన్ని లేపనూ లేదు.

ఈ దేశాలు నిజంగా ఇంత భద్రమైనవేనా, లేక నేను పైపైన చూసి మురిసిపోతున్నానా? జనవరిలో మా ఆవిడ వస్తోంది. అంతకుముందు డిసెంబరులో ఆఫీసువాళ్ళ ఏడాది చివరి విందు ఉంది, నేనేమో చుక్క ముట్టనివాణ్ణి. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

---

పాతకాపు (యోకొహామా) · నవంబరు 17

నేను ఇక్కడికి వచ్చి పందొమ్మిదేళ్ళయింది. తమ్ముడూ, మీరు చూసిన దృశ్యం నిజమే. దాన్నిబట్టి తీర్పు చెప్పడమే కొంచెం తొందరపాటు.

మొదట చట్టం సంగతి చెబుతాను. తాగి నలుగురికీ ఇబ్బంది కలిగించేవారి గురించి జపాన్‌లో 1961లోనే ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. తాగివచ్చి ఇంట్లో కొట్టే మగవాళ్ళ బాధ భరించలేని కుటుంబాల తరఫున, పార్టీల తేడా లేకుండా ఏకమైన మహిళా పార్లమెంటు సభ్యులు దాన్ని పట్టుబట్టి తెచ్చారు. (1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించిన మన నెల్లూరు ఆడవాళ్ళు గుర్తుకొస్తారు.) రోడ్డు మీదో, స్టేషన్‌లోనో ఒళ్ళు తెలియక పడివున్నవాణ్ణి పోలీసు తీసుకెళ్ళి, మత్తు దిగేదాకా, 24 గంటలకు మించకుండా కాపాడాలని అందులో ఉంది. అల్లరి చేసినవాడికి శిక్ష కూడా అందులోనే ఉంది. తాగుబోతును ఇక్కడి వాడుకలో పులి అంటారు, జపనీసులో ‘తొర’. అటువంటివాళ్ళను పడుకోబెట్టే గదికి ‘తొరబాకొ’, అంటే పులిపెట్టె అని పేరు. అందుచేత ఆ పెద్దమనిషిని ఎవరూ పట్టించుకోలేదని మీరు అనుకున్నారు గానీ, ఆఖరి రైలు వెళ్ళి షట్టర్లు దించే వేళకు స్టేషన్ ఉద్యోగి వచ్చి లేపుతాడు, లేవకపోతే కోబన్ (వీధి పోలీసు పోస్టు) నుంచి పోలీసు వస్తాడు. అది ఎవరో ఒకరు ప్రతి రాత్రీ చేస్తున్న చాకిరీ.

సంచి పోదన్నది చాలావరకు నిజం. టోక్యో పోలీసుల దగ్గరికి ఏటా 40 లక్షలకు పైగా పోయిన వస్తువులు వచ్చి చేరతాయి. నేను రెండుసార్లు పర్సు పోగొట్టుకొని రెండుసార్లూ డబ్బుతో సహా తెచ్చుకున్నాను.

అయితే ఇక్కడ తాగినవాడికి ముప్పు దొంగ వల్ల రాదు, రైలు వల్లా, చలి వల్లా, కారు వల్లా వస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద నుంచి పట్టాల మీద పడేవారిలో తాగినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు అంచు వెంబడి తూలుతూ నడిచి పడిపోతారని అందరూ అనుకునేవారు. జేఆర్ వెస్ట్ రైల్వే వాళ్ళు కెమెరాల్లోని దృశ్యాలు పరిశీలిస్తే, చాలామంది బెంచీ మీద కూర్చుని కునికి, దిగ్గున లేచి, తిన్నగా ముందుకు నడిచి పట్టాల్లో పడిపోతున్నారని తేలింది. దాంతో 2015 నుంచి ఆ సంస్థ తన స్టేషన్లలో బెంచీలను తొంభై డిగ్రీలు తిప్పేసింది. అంటే కూర్చున్నవాడి ముఖం పట్టాల వైపు కాకుండా ప్లాట్‌ఫామ్ పొడవు వెంట ఉంటుంది. ఒసాకా వైపు వెళ్ళినప్పుడు గమనించండి. మందు మానమని బతిమాలేకంటే బెంచీ తిప్పడం తేలికని గ్రహించారు చూడండి, ఆ బుర్రకు నేను దండం పెడతాను.

ఇక దక్షిణాది దీవులైన ఒకినావా సంగతి వేరు. అక్కడ రైళ్ళు దాదాపు లేవు, రాత్రిళ్ళు వెచ్చగా ఉంటుంది, జనం తారురోడ్డు మీదే పడుకుంటారు. దానికి ‘రోజోనే’, వీధినిద్ర అని పేరే ఉంది. 2019లో ఒక్క ఏడాదిలో పోలీసులకు 7 వేలకు పైగా అటువంటి ఫిర్యాదులు వచ్చాయి. కాలిబాట అంచును దిండుగా చేసుకొని, శరీరాన్ని రోడ్డు మీదికి చాపి పడుకొన్నవాళ్ళ మీదుగా కార్లు వెళ్ళి చనిపోయినవారు ఉన్నారు.

విందు విషయంలో భయపడకండి. ఊలాంగ్ టీ గ్లాసు పట్టుకొని ‘కంపై’ (మన ‘చీర్స్’ లాంటి మాట) అంటే ఎవరూ తప్పుపట్టరు. బలవంతంగా తాగించడాన్ని ‘అరుహరా’ అని ఇప్పుడు వేధింపు కిందే లెక్కవేస్తున్నారు. పోతే, మీ పక్కన కూర్చునేవాడు విందుకు ముందు దుకాణంలో కొనుక్కొని గుటుక్కున మింగే పసుపుపచ్చ సీసాను ఒకసారి చూడండి. అది మన వంటింటి పసుపే. కాలేయానికి మంచిదని తాగుతారు. మా అమ్మకు చెబితే, అంత తెలిసినవాళ్ళు మందు ఎందుకు తాగుతారని అడిగింది.

---

నిమ్మచెట్టు (సియోల్) · నవంబరు 17

పాతకాపు అన్నగారు చెప్పినదంతా సరైనదే. కానీ ఆయన చెప్పింది తాగి పడిపోయినవాడి భద్రత. అతని పక్క సీటులో కూర్చున్నవారి భద్రత గురించి కూడా మాట్లాడుకోవాలి. నేను సియోల్‌లో పరిశోధన చేస్తూ ఆరేళ్ళుగా ఉంటున్నాను.

పోయిన చలికాలం ప్రయోగశాల నుంచి ఆఖరి మెట్రోలో వస్తున్నాను. అరవై ఏళ్ళ మనిషి ఒకాయన తూలుతూ వచ్చి నా ఎదుట నిలబడి, ఏ దేశమని అడిగాడు. కొరియా భాషలో కూడా మనకు లాగే ‘మీరు’, ‘నువ్వు’ తేడా ఉంది. క్రియ చివర ఏది తగిలించారో దాన్నిబట్టి మర్యాద తెలిసిపోతుంది. పరిచయం లేని పెద్ద వయసు స్త్రీని అతను అలా పలకరించడు. నన్ను మాత్రం మొదటి మాట నుంచీ ‘బన్‌మల్’లో, అంటే ‘ఏమే, ఎక్కడిదానివి’ అన్న ధోరణిలోనే అడిగాడు. నేను జవాబివ్వకపోతే గొంతు పెంచాడు. పెట్టెలో ముప్పై మంది ఉన్నారు, అందరూ ఫోన్లలోకి వంగిపోయారు. చివరకు మూలనున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, నాకూ అతనికీ మధ్య ఇరుక్కొని కూర్చుంది. అతనితో ఒక్క మాట కూడా అనలేదు. సంచిలోంచి రెండు కమలాలు తీసి ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది తాపీగా ఒలవసాగింది. అతను తరువాతి స్టేషన్‌లో దిగిపోయాడు.

నా మీద చెయ్యి పడలేదు, ఏదీ పోలేదు, కనుక ఇది ఏ నేరాల లెక్కలోనూ చేరదు. అయినా ఆ నెలంతా నేను తొమ్మిదింటికే ఇల్లు చేరుకున్నాను.

తాగినవాణ్ణి జాలిగా చూసే అలవాటు కొరియాలో న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2008లో అన్సాన్‌లో ఎనిమిదేళ్ళ పాపపై ఘోరానికి ఒడిగట్టిన చో దూసూన్‌కు, తాగి ఉన్నందువల్ల మనసు స్వాధీనంలో లేదన్న కారణం చూపి 12 ఏళ్ళ శిక్షతో సరిపెట్టారు. 2020 డిసెంబరులో అతను విడుదలైనప్పుడు దేశమంతా మళ్ళీ రగిలింది. మనసు స్వాధీనంలో లేనివాడికి శిక్ష తగ్గించి తీరాలన్న నియమాన్ని, తగ్గించవచ్చు అని మార్చడానికి 2018 డిసెంబరు దాకా పట్టింది.

---

బందరు_బాబు (మచిలీపట్నం) · నవంబరు 18

నేను ఆ దేశాలు చూడలేదు. అయినా వింటుంటే ఇదంతా వాళ్ళ సంస్కారమని తెలుస్తూనే ఉంది. మన దగ్గర బస్టాండులో ఒకడు అలా పడుకొంటే తెల్లారేసరికి చెప్పులు కూడా మిగలవు. మరి అంత క్రమశిక్షణ ఉన్నవాళ్ళు సియోల్‌లోని ఇటేవాన్‌లో తాగి తొక్కుకొని అంతమంది ఎలా చనిపోయారో నాకు అర్థం కాదు.

---

నిమ్మచెట్టు (సియోల్) · నవంబరు 18

బాబు గారూ, ఆ మాటను ఇలాగే వదిలేస్తే చనిపోయినవారికి అన్యాయం చేసినట్టవుతుంది. 2022 అక్టోబరు 29 రాత్రి ఇటేవాన్‌లో చనిపోయిన 159 మంది తాగి తొక్కుకొని చనిపోలేదు. మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న ఏటవాలు సందులోకి రెండు వైపుల నుంచీ జనం వచ్చి చేరి, నిలబడి ఉన్నవారు నిలబడినట్టే ఊపిరాడక పోయారు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసుల నంబరు 112కు ఫోను చేసి, ఇక్కడ జనం నలిగిపోయేలా ఉన్నారని చెప్పారు. రాత్రి పదింబావులోగా అలాంటి ఫోన్లు పదకొండు వెళ్ళాయి. మృతుల్లో 26 మంది విదేశీయులు. మరునాడు, కుర్రకారు తాగి ఎగబడ్డారని తేలిగ్గా అనేసినవాళ్ళు ఇక్కడా ఉన్నారు. ఆ మాట వల్ల లాభపడేది ఫోనెత్తి కూడా కదలని అధికారులు.

---

శారద_వంటిల్లు (టోక్యో) · నవంబరు 19

కాకినాడ గారూ, మీ ఆవిడ వస్తున్నారు కనుక ఈ మాట చెబుతున్నాను. టోక్యోలో స్త్రీలకు మాత్రమే కేటాయించిన రైలు పెట్టెలు ఉన్నాయని ఆవిడకు మొదటి రోజే చూపించండి. చాలామంది అవి పొద్దుటి రద్దీ కోసమే అనుకుంటారు. కానీ కేయో లైన్‌లో అవి మొదలైంది 2000 డిసెంబరులో, రాత్రి పొద్దుపోయాక నడిచే రైళ్ళలో. సరిగ్గా ఇటువంటి ఏడాది చివరి విందుల రోజులవి. తాగివచ్చిన మగవాళ్ళ ఆగడాలపై ఫిర్యాదులు వెల్లువెత్తడంతో ప్రయోగంగా పెట్టి, తరువాతి వసంతం నుంచి స్థిరం చేశారు. అంటే స్తంభం పక్కన ఆ పెద్దమనిషి నిశ్చింతగా పడుకొన్న ఊళ్ళోనే, అదే గంటలో ఇంటికి వెళ్ళే ఆడవారికి వేరే పెట్టె కట్టాల్సి వచ్చింది.

ఇటీవల మేలు జరిగిన మాట కూడా చెప్పాలి. 2023 జూలై నుంచి ఇక్కడ శిక్షాస్మృతి మారింది. మద్యం మత్తులో ఉండి ‘వద్దు’ అనలేని స్థితిని వాడుకోవడం కూడా నేరమేనని చట్టంలో స్పష్టంగా రాశారు.

నా స్వంత అనుభవాల్లో చేదు ఒకటి, తీపి ఒకటి ఉన్నాయి. చేదేమిటంటే, ఒక రాత్రి మా వారి స్నేహితుణ్ణి బార్లు ఎక్కువగా ఉండే కబుకిచో పేటలో ఒక కుర్రవాడు ‘నాలుగు వేల యెన్‌కు ఎంతైనా తాగవచ్చు’ అని పైఅంతస్తుకు తీసుకెళ్ళాడు. బిల్లు లక్షన్నర యెన్ వేసి, కార్డు గీకేదాకా తలుపు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. దారిలో పిలిచేవాళ్ళ వెంట వెళితే నూటికి నూరు పాళ్ళు మోసమేనని ఆ వీధిలోని లౌడ్‌స్పీకర్లే పగలూ రాత్రీ అరుస్తుంటాయి, కానీ జపనీసు రానివాడికి అది కూడా ఏదో స్వాగతగీతం లాగే వినిపిస్తుంది. అలాంటిదే మరో పేట రొప్పొంగిలో గ్లాసులో ఏదో కలిపి కార్డులు గీకేస్తున్నారని అమెరికా ఎంబసీ తన పౌరులను ఎన్నోసార్లు హెచ్చరించింది. గ్లాసు వదిలి లేచి వెళ్ళితే తిరిగివచ్చి దాన్ని తాగవద్దు.

తీపి సంగతి మా వీధి ఇజకయాలో (మందు, చిరుతిళ్ళు దొరికే చిన్న హోటల్లో) జరిగింది. పగలు నా ముఖం వైపు కూడా చూడని చేపల కొట్టు తాత, రెండు గ్లాసులయ్యాక మా బల్ల దగ్గరికి వచ్చి, ఇండియా అంటే తనకు ఇష్టమని చెప్పి, మన తెలుగు సినిమా పాటకు కాలు కదపబోయి కూలబడ్డాడు. మరునాడు పొద్దున కొట్టు ముందు నుంచి వెళ్తుంటే నడుం వంచి క్షమాపణ చెప్పి, మళ్ళీ నా ముఖం చూడటం మానేశాడు.

---

డాక్టరు_రంగడు (ఖమ్మం) · నవంబరు 20

నేను చైనాలో హూబే వైపు ఎంబీబీఎస్ చదివాను. అక్కడి సంగతి వీటికి కొంచెం భిన్నంగా ఉంటుంది.

చైనాలో తాగుడు వీధిలో కన్నా గుండ్రటి భోజనాల బల్ల చుట్టూ ఎక్కువ. బైజ్యూ అనే తెల్లటి సారా సాధారణంగా 52 శాతం ఉంటుంది. చిన్న గ్లాసే కదా అని మోసపోతారు. ‘గన్‌బే’ అంటే గ్లాసు ఎండగొట్టమని అర్థం. పెద్దవారు లేచి వచ్చి మీ గ్లాసుకు తమ గ్లాసు తగిలిస్తే కాదనడం కష్టం. తప్పించుకోవడానికి వాళ్ళ మర్యాదలోనే ఒక దారి ఉంది. ‘మద్యానికి బదులు టీ’ అన్న అర్థం వచ్చే నాలుగు మాటల నానుడి ఒకటి ఉంది, ‘యీ చా దాయ్ జ్యూ’. ఆ మాట అని, టీ కప్పు అంచును పెద్దవారి గ్లాసు అంచు కంటే కిందగా తగిలిస్తే అందరూ సంతోషిస్తారు. నేను ఆరేళ్ళు దానితోనే నెట్టుకొచ్చాను.

చాలామందికి తెలియనిది మరొకటి చెబుతాను. విందులో ఒకరు అతిగా తాగి చనిపోతే, బలవంతపెట్టినవారూ, ఇంటికి చేర్చకుండా వదిలేసినవారూ నష్టపరిహారం కట్టాలని చైనా కోర్టులు చాలా కేసుల్లో తీర్పు ఇచ్చాయి. అందుకే మా క్లాసులోని చైనా కుర్రాళ్ళు ఎంత తాగినా, చివర్లో ఒకడు అందరినీ లెక్కపెట్టి గదులకు చేర్చేవాడు. అది స్నేహమో, కోర్టు భయమో నేను చెప్పలేను. బహుశా రెండూ కలిసి ఉంటాయి.

తాగి బండి నడపడం 2011 మే 1 నుంచి క్రిమినల్ నేరం. ఆ నెలలోనే ప్రముఖ సంగీతకారుడు గావ్ ష్యావ్‌సూంగ్ దొరికిపోయి ఆరు నెలలు లోపల ఉన్నాడు. వీధిలో గొడవ పడితే కోర్టుతో పని లేకుండా పోలీసులే 15 రోజుల దాకా నిర్బంధించగలరు. విదేశీయుడైతే దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. మా సీనియరు ఒకరు రాత్రి బార్బెక్యూ బండి దగ్గర సీసా పగలగొట్టిన పాపానికి నాలుగో ఏడాదిలో చదువు వదులుకొని ఇంటికి వచ్చేశాడు. కొట్టుకొన్నది ఇద్దరు, రెండోవాడు స్థానికుడు. అతను క్షమాపణ పత్రం రాసి మరునాటికి తన పనిలో ఉన్నాడు.

---

పాతకాపు (యోకొహామా) · నవంబరు 21

రంగడు గారు చివర్లో చెప్పినదే అసలు విషయం. ఈ దేశాల్లో తాగినవాడి మీద చూపే ఓర్పు తమవాడి మీద చూపే ఓర్పు. పొద్దున్నే లేచి, సిగ్గుపడి, ఆఫీసుకు వెళతాడని అందరికీ నమ్మకం ఉన్నవాడి మీద అది ఉంటుంది. విదేశీయుడు అదే స్థితిలో పడివుంటే అలాంటి నమ్మకం ఎవరికీ ఉండదు.

జపాన్‌లో గొడవ పడి అరెస్టయితే, అభియోగం మోపకుండానే మొత్తం 23 రోజుల దాకా లోపల ఉంచగలరు. పోలీసులకు 48 గంటలు, ప్రాసిక్యూటరుకు 24 గంటలు, తరువాత కోర్టు అనుమతితో పది రోజుల చొప్పున రెండుసార్లు. ఇరవై మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళకపోతే ఉద్యోగమూ, దానితో వీసా ఏమవుతాయో ఊహించుకోండి. అరెస్టయినవారు ‘తోబన్ బెంగోషి’ కావాలని అడిగితే వంతు మీద ఉన్న లాయరు మొదటిసారి డబ్బు తీసుకోకుండా వచ్చి మాట్లాడతాడు. ఆ రెండు మాటలూ కంఠతా పట్టండి. నివాస కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, లేకపోతే 2 లక్షల యెన్ దాకా జరిమానా ఉంది.

సైకిలు సంగతి మరీ ముఖ్యం. మన కుర్రాళ్ళు చాలామంది పార్టీ నుంచి సైకిలు మీద వెళ్తుంటారు. ఈ నెల 1వ తేదీ నుంచి మద్యం వాసనతో సైకిలు తొక్కితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల యెన్ దాకా జరిమానా. తాగినవాడికి సైకిలు ఇచ్చినవాడికీ శిక్ష ఉంది. కొలత శ్వాసలో లీటరుకు 0.15 మిల్లీగ్రాములు, ఇది హైదరాబాదులో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో వాడే రక్త పరిమితికి దాదాపు సమానం. పరిమితి ఒకటే, తప్పించుకొనే సందులు మాత్రం ఇక్కడ లేవు.

టోక్యోలోని షిబుయాలో మొన్న అక్టోబరు నుంచి సాయంత్రం 6 నుంచి ఉదయం 5 వరకు వీధుల్లో తాగడం ఏడాది పొడవునా నిషేధం. 2018లో హాలోవీన్ గుంపు ఒక చిన్న ట్రక్కును పడదోసిన నాటి నుంచి నిబంధనలు బిగుస్తూ వచ్చాయి. ఇప్పుడు టీవీలో ఆ వార్త వచ్చిన ప్రతిసారీ కెమెరా విదేశీ పర్యాటకుడి చేతిలోని బీరు డబ్బా మీదే ఆగుతోంది. డబ్బా అమ్మింది ఎదుటి దుకాణమే కదా అని మాత్రం ఎవరూ అడగరు. అయితే విదేశీయుల వల్ల ఏ బాధా లేదనడమూ అబద్ధమే. ఒకినావాలో ఘోరమైన నేరం జరిగాక 2012 అక్టోబరులో అమెరికా సైన్యమే జపాన్‌లోని తన సైనికులందరికీ రాత్రి 11 నుంచి 5 దాకా కర్ఫ్యూ పెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడివారికి ‘తాగిన విదేశీయుడు’ అనగానే ఏం గుర్తుకొస్తుందో మనకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. టోక్యోలోని షిన్-ఓకుబొ స్టేషన్ మెట్ల పక్కన గోడకు ఒక ఫలకం ఉంది, వీలైతే చూసి రండి. 2001 జనవరి 26 సాయంత్రం తాగిన మనిషి ఒకడు పట్టాల మీద పడ్డాడు. అతణ్ణి లాగడానికి ఇద్దరు దూకారు. ఒకరు జపాన్ ఫొటోగ్రాఫరు సెకినె షిరో, రెండోవారు ఈ సూ-హ్యోన్ అనే కొరియా విద్యార్థి, వయసు 26. ముగ్గురూ చనిపోయారు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో అదే స్టేషన్ దగ్గర గది తీసుకున్నాను. విదేశీయులకు ఇల్లు ఇవ్వమని మూడు చోట్ల అన్నారు. నాలుగో ఇంటి యజమానురాలు నన్ను ఆ ఫలకం దగ్గరికి తీసుకెళ్ళి, ‘ఈ అబ్బాయి కూడా విదేశీయుడే’ అని చెప్పి, తాళం చేతికి ఇచ్చింది.

---

విశాఖ_మాస్టారు (విశాఖపట్నం) · నవంబరు 24

అయ్యా, అమ్మా, మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మా అమ్మాయి మార్చిలో ఎం.ఎస్. కోసం సియోల్ వెళుతోంది. ఇదంతా చదివాక పంపవచ్చునా అన్న సందేహం వచ్చింది. నిమ్మచెట్టు అమ్మాయి ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

---

నిమ్మచెట్టు (సియోల్) · నవంబరు 24

బాబాయిగారూ, తప్పకుండా పంపండి. నేను మా చెల్లెల్ని కూడా రమ్మని చెప్పాను. రాత్రి పదింటికి ఒంటరిగా నడిచి గదికి వెళ్ళగలిగే ఊళ్ళు ప్రపంచంలో ఎక్కువ లేవు, సియోల్ వాటిలో ఒకటి. నేను రాసింది భయపెట్టడానికి కాదు, ‘ఏమీ జరగదు’ అని చెప్పి పంపితే ఏదైనా జరిగినప్పుడు తనదే తప్పు అనుకుంటుందని రాశాను.

పోలీసులకు 112, అంబులెన్సుకు 119, విదేశీయులకు వీసా సంగతులైనా భాషా సాయమైనా 1345. రాత్రి ఆలస్యమైతే 120కి చెబితే, మెట్రో స్టేషన్ నుంచి ఇంటిదాకా ఇద్దరు నడిచి వచ్చి దింపే ఏర్పాటు సియోల్ నగరపాలక సంస్థ 2013 నుంచి నడుపుతోంది. మెట్రో ఆగిపోయాక గుడ్లగూబ బొమ్మ ఉన్న బస్సులు తిరుగుతాయి. విశ్వవిద్యాలయంలో ‘హ్వేషిక్’ అనే సామూహిక విందులు ఉంటాయి. పెద్దలు పోస్తే రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాలి, తాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. తాగకపోయినా గ్లాసు పట్టుకొని పెదవికి తాకిస్తే చాలు. మా ప్రొఫెసరు ముందు నేను ఎప్పుడూ గ్లాసులో సైడర్ (ఇక్కడ అది మత్తులేని సోడా) పోసుకొని ముఖం తిప్పుకుంటాను. ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

ఇంకొక్క మాట. ఎవరైనా తాగి పడిపోయి ఉంటే జాలిపడి తాకి లేపవద్దని చెప్పండి. ఫోను చేసి, పోలీసు వచ్చేదాకా కొంచెం దూరంలో నిలబడితే చాలు. అలాగని వదిలేసి వెళ్ళడమూ మంచిది కాదు. 2022 నవంబరులో ఇక్కడ పోలీసులే తాగినవాణ్ణి ఇంటి భవనం మెట్ల దగ్గర దింపి వెళ్ళిపోతే, అతను తలుపు దాకా చేరలేక చలికి చనిపోయాడు.

---

కాకినాడ_కాజా (టోక్యో) · డిసెంబరు 21

అందరికీ కృతజ్ఞతలు. విందు నిన్ననే అయింది. ఊలాంగ్ టీతోనే గట్టెక్కాను. పసుపు సీసాలు చూశాను. మా సెక్షన్ హెడ్ నాకూ ఒకటి కొనిపెట్టాడు, మందు తాగనని తెలిసినా.

తిరిగి వచ్చేటప్పుడు మా స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఒక కుర్రవాడు బెంచీ మీద ఒరిగిపోయి కనిపించాడు. ఈ స్టేషన్‌లో బెంచీలు పట్టాల వైపే ఉన్నాయి. ఇది వరకైతే మొన్నటిలాగే నిలబడి చూసి వెళ్ళిపోయేవాణ్ణి. పాతకాపు అన్నగారు రాసినది గుర్తుకొచ్చి, అతనికీ అంచుకూ మధ్య నిలబడి, స్టేషన్ ఉద్యోగిని చేతితో పిలిచాను. ఆయన ఒక చక్రాల కుర్చీ, ఒక ప్లాస్టిక్ సంచి, బకెట్టులో రంపపు పొట్టు తీసుకొని వచ్చాడు. అంటే రాత్రికి ఎన్నోసారో ఇది. పొట్టు నేల మీద చల్లాడు, సంచి కుర్రవాడి చేతిలో పెట్టాడు, ఇద్దరం కలిసి అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాం. తరువాత నా వైపు తిరిగి చాలా మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగాడు, ‘వీరు మీతో వచ్చినవారా?’ అని. కాదన్నాను. ఆయన వంగి నమస్కరించి కుర్చీ తోసుకొంటూ లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

---

పాతకాపు (యోకొహామా) · డిసెంబరు 21

మంచి పని చేశారు తమ్ముడూ. ఆ ప్రశ్నకు ఇంకెప్పుడూ తొందరపడి ‘అవును’ అనకండి. నేను 2009లో ఒకసారి మర్యాదకు అవునన్నాను, తెల్లవారుజామున నాలుగింటిదాకా ఒక అపరిచితుడి ఇల్లు వెతుక్కుంటూ కవసాకి వీధులన్నీ తిరిగాను.